ఎంతమంది కొత్తవాళ్లకు అప్పు ఇచ్చారో అడగండి

ఎడిటర్ గారికి,

మైక్రోఫైనాన్స్, అంటే పేదలకిచ్చే చిన్న అప్పులు, నిజమైన పేదల దాకా చేరడం లేదన్న చర్చ వచ్చిన ప్రతిసారీ మాట వడ్డీ మీదికో నిధుల మీదికో పోతుంది. అవీ ముఖ్యమే, కాదనను. కానీ అలాంటి సంస్థలో ఎనిమిదేళ్లు బ్రాంచ్ మేనేజర్‌గా చేశాను కాబట్టి చెప్తున్నాను, అప్పు ఎవరి గుమ్మం దాకా వెళ్తుందో తేల్చేది చాలావరకు ఆ మేనేజర్ పనితనం, అతని తెగువ.

మా దగ్గర బట్టలు కుట్టే ఒకావిడ అప్లికేషన్ రెండుసార్లు వెనక్కి పోయింది. ఆదాయం నిలకడగా లేదని రాశారు. నేను ఇంటికి వెళ్లి అడిగితే ఒక నోటుపుస్తకం తెచ్చింది. ఎవరి బట్టలు ఎప్పుడిచ్చింది, ఎంత వచ్చింది, ఇంకా ఎంత రావాలి, అన్నీ పెన్సిల్‌తో రాసుకుంది. నాలుగు నెలలు చేతినిండా పని, మిగతావి అంతంతమాత్రం. ఆమె కట్టగలదు, కాకపోతే వారం వారం ఒకే మొత్తం కట్టలేదు. సీజన్‌ను బట్టి వాయిదాలు మార్చమని పై ఆఫీసుకు రాసి రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్రపోలేదు, ఎందుకంటే ఆ బాకీ మునిగితే సంతకం నాది. మునగలేదు. ఆమెను చూసి, అంతకుముందు మా ఆఫీసు గడప తొక్కనివాళ్లు నలుగురు వచ్చారు.

తెగువ అంటే గుడ్డిగా పంచడం కాదు. 2008 తర్వాత నికరాగ్వా, మొరాకో, బోస్నియాల్లో వసూళ్లు దెబ్బతినడానికి ఒక పెద్ద కారణం, సంస్థలు పోటీపడి ఒకే మనిషికి అప్పు మీద అప్పు ఇస్తూ పోవడం, అంత వేగానికి తగ్గ సిబ్బందీ తనిఖీలూ లేకపోవడం. అది లెక్క వేయకుండా జనం నెత్తిన పెట్టిన రిస్కు. బంగ్లాదేశ్‌లో పేదలకు చిన్న అప్పులిచ్చే గ్రామీణ బ్యాంకు చేసింది వేరు. 1998 వరదల తర్వాత వసూళ్లు పడిపోతే పాత పద్ధతినే పట్టుకుని కూర్చోకుండా, కట్టలేనివాళ్లు వాయిదాలు సర్దుకునే ఏర్పాటు తెచ్చి 2002 నాటికి బ్రాంచీలన్నిటిలో పెట్టింది.

ఇప్పుడు మేనేజర్‌ను చూసే లెక్కలు రెండే, ఎంత పంచాడు, గడువు మీద 30 రోజులు దాటిన బాకీ ఎంత. అప్పు చిన్నదైనా పెద్దదైనా ఫీల్డ్ ఆఫీసర్ తిరుగుడు అంతే, అందుకే పాత కస్టమర్‌కే ఇంకా పెద్ద అప్పు ఇస్తే రెండు లెక్కలూ బాగుంటాయి, తలనొప్పీ ఉండదు. కొత్త మనిషిని నమ్మి ఇచ్చిన మేనేజర్‌కు మాత్రం ఒక్క బాకీ ఆగితే మెమో. ఎందుకు ఇచ్చాడో ముందే కాగితం మీద రాసిపెట్టినవాడిని అలా శిక్షిస్తే రేపు ఇంకెవరు ముందుకొస్తారు? ఇంటి రాబడి, ఖర్చు కూర్చోబెట్టి అంచనా కట్టడం కూడా మేనేజర్లకు ఎవరో నేర్పాలి. మాకు నేర్పింది ఫారాలు నింపడం ఒక్కటే.

మీరు బిజినెస్ పేజీలో ఈ సంస్థల ఫలితాలు వేసేటప్పుడు, జీవితంలో మొదటిసారి అప్పు తీసుకున్నవాళ్లు అందులో ఎంతమందో కూడా దయచేసి అడిగి వేయండి.

- ఒక మాజీ బ్రాంచ్ మేనేజర్