మూడు ఆదివారాలు

చిన్నీ,

ఇక్కడంతా క్షేమం. మొన్నటి వానకి మునగకొమ్మ విరిగి రాజ్యం పిన్నివాళ్ళ గోడ మీద పడింది. నువ్వు ఫోన్ చేసి మూడు ఆదివారాలైంది. పనుల్లో ఉంటావులే, నువ్వు చెయ్యలేదని ఈ ఉత్తరం రాయడం లేదు.

నిన్న బీరువా సర్దుతుంటే నీ పదో తరగతి లెక్కల నోటుబుక్కు కనబడింది. వెనక అట్ట మీద నేను రాసిచ్చిన సంఖ్య ఇంకా ఉంది: 147573952589676412927. రెండును 67సార్లు వేసి గుణించి, ఒకటి తీసేస్తే వచ్చేది. 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి ఇది ప్రధాన సంఖ్య అన్నాడు. 1876లో లూకా అనే గణితవేత్త కాదని తేల్చాడు. కానీ దేన్ని దేనితో గుణిస్తే ఇది వస్తుందో ఆయనకీ దొరకలేదు. ఏదో ఉందని తెలుసు, అదేమిటో తెలియదు. ఈ మధ్య నీ సంగతీ నాకు అలాగే ఉందమ్మా.

1903 అక్టోబరులో న్యూయార్కులో అమెరికన్ మేథమెటికల్ సొసైటీ సమావేశం జరిగింది. కోల్ అనే ప్రొఫెసరు వంతు వచ్చింది. లేచి బోర్డు దగ్గరికి వెళ్ళాడు, నోరు విప్పలేదు. రెండు 67వ ఘాతం చేత్తోనే లెక్కగట్టి ఒకటి తీసేశాడు. పక్కకి జరిగి 193707721ని 761838257287తో గుణించాడు. రెండు చోట్లా ఒకే జవాబు. సుద్దముక్క పెట్టేసి వచ్చి కూర్చున్నాడట. హాలంతా చప్పట్లు. ఎన్నాళ్ళు పట్టిందని తర్వాత అడిగితే, మూడేళ్ళ ఆదివారాలు అన్నాడని చెబుతారు.

రాత్రి నిద్రపట్టక క్యాలెండరు కాగితం వెనక నేనూ సరిచూశాను. పెద్ద సంఖ్య అంకెలు కూడితే 109, మళ్ళీ కూడుతూ పోతే 1. కారణాంకాలవి 37, 64. అవీ 1కే దిగాయి. ఒకటిని ఒకటితో గుణిస్తే ఒకటే కదా, సరిపోయింది. దీని కారణాంకం ఏదైనా 67కి రెట్టింపు, అంటే 134 గుణిజం కన్నా ఒకటి ఎక్కువే ఉండాలి కదా, అదీ చూశాను. 193707720ని 134తో భాగిస్తే 1445580, శేషం సున్నా. ఆ ఒక్క నియమంతో ఎన్ని కోట్ల సంఖ్యల్ని ముట్టుకోకుండా పక్కన పెట్టేయొచ్చో చూడు. నీ థీసిస్‌లోనూ ముందు కుదరని దారులు కొట్టెయ్యి. రోజూ కాసేపైనా కూర్చో. రాత్రి రెండింటిదాకా మాత్రం వద్దు, పొద్దున్నే బుర్ర పనిచేస్తుంది.

నువ్వు పీహెచ్‌డీ మానేసి వచ్చేద్దామనుకుంటున్నావని బాబాయి అన్నాడు. నేను నమ్మలేదు. నిజమే అయినా నీ మీద కోపం ఉండదు. మేడమీది గది అమ్మ ఊరికే దులిపించింది, ఇంకేమీ అనుకోకు.

సుబ్బారావు మామయ్య ఆ వైపు వస్తున్నాడు, ఆవకాయ పంపిస్తున్నాం. తడి చెంచా పెట్టకు. సీసాకి గుడ్డ కట్టు. కిందటిసారి బూజు పట్టించావు. మెస్‌లో పెరుగు పుల్లగా ఉంటే వేసుకోకు, నీకు పడదు.

ఈ ఆదివారం తొమ్మిదింటికి నేనే చేస్తాను. మాట్లాడాలని లేకపోతే కోల్‌లాగా ఊరుకో, పరవాలేదు. ఫోన్ మాత్రం ఎత్తమ్మా.

నాన్న