రేజర్ కొనే ముందు ఒకసారి ఇది చదవండి

విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో మా షాపుకి వచ్చేవాళ్ళకీ, ఫోన్ చేసి పార్శిల్ తెప్పించుకునేవాళ్ళకీ అందరికీ నమస్కారం. సూటిగా విషయానికి వచ్చేస్తాను. గడ్డం గీసుకుంటే మంట పుడుతోంది, మెడ మీద ఎర్రగా పొక్కులొస్తున్నాయి, ఏ రేజర్ వాడమంటారు అని అడిగినవాళ్ళకి పోయిన ఏడాదంతా నేనిచ్చిన సలహా సరైనది కాదు. నాది గరుకు గడ్డం, మందపాటి చర్మం. జర్మనీ కంపెనీ మ్యూలెవాళ్ళ ఆర్41 లాంటి, బ్లేడు బాగా బయటికి తేలి ఉండే రేజర్‌తో రోజూ గీసుకున్నా నాకేమీ అవదు. నాకు బాగుంది కదా అని సున్నితమైన చర్మం ఉన్నవాళ్ళ చేతిలో కూడా అదే పెట్టాను. అది తీసుకెళ్ళినవాళ్ళలో కొంతమంది వారం తిరక్కుండానే మెడ చూపించడానికి వచ్చారు, కొంతమంది మళ్ళీ మా మెట్లెక్కలేదు. రానివాళ్ళ గురించే నాకు ఎక్కువ బాధగా ఉంది. ఆ రేజర్‌లో లోపమేమీ లేదు, దాన్ని తయారు చేసిందే అలాంటి గడ్డాల కోసం. ఎవరికివ్వాలో చూసుకోకుండా ఇచ్చింది నేను.

నాకు ఈ సంగతి తెలిసొచ్చింది మొన్న ఎండాకాలంలో. గాజువాక వైపు నైట్ డ్యూటీలు చేసే ఒక తమ్ముడు సాయంత్రం పూట వచ్చాడు. డ్యూటీలో మాస్క్ మొహానికి బిగుతుగా కూర్చోవాలట, అందుకని గడ్డం రోజూ తీయాల్సిందే. "అన్నా, ఇప్పటికి మూడు రేజర్లు మార్చాను, ఈసారి ఎంతైనా పర్లేదు, మంచిదివ్వు" అన్నాడు. ఖరీదైనది ఒకటి అరలోంచి తీయబోయి, అతని మెడ చూసి ఆగిపోయాను. "కొనడం తర్వాత, ముందు నువ్వు రోజూ ఎలా గీసుకుంటావో ఇక్కడ గీసుకుని చూపించు" అని షాపు వెనక వాష్‌బేసిన్ దగ్గరికి తీసుకెళ్ళాను.

మొహం సరిగ్గా తడవకముందే క్రీము రాసేశాడు, నురగ పట్టకముందే రేజర్ పెట్టేశాడు. ఎడమచేత్తో మెడ చర్మాన్ని కిందికి లాగి పట్టుకుని, కంఠం దగ్గర్నుంచి దవడ దాకా కింద నుంచి పైకి, ఒకే చోట నాలుగైదుసార్లు, మాడిన గిన్నె గీకినట్టు గీకాడు. నురగంతా పోయి వట్టి చర్మం కనిపిస్తున్నా ఇంకో రెండుసార్లు గీశాడు. కళ్ళ ముందే చిన్న చిన్న ఎర్రచుక్కలు లేచాయి. పాపం, అతనికది అలవాటైపోయింది, మంట పుట్టడం మామూలే అనుకుంటున్నాడు.

వీక్లీ ఆఫ్ కలుపుకుని రెండ్రోజులు గడ్డం తీయకుండా రమ్మన్నాను. వచ్చాక అద్దం ముందు నిలబెట్టి అతని వేళ్ళతోనే నిమరమన్నాను. బుగ్గల మీద వెంట్రుకలు పైనుంచి కిందికే ఉన్నాయి గానీ, మెడ దగ్గరికొచ్చేసరికి అవి కంఠం వైపు నుంచి చెవి వైపుకి అడ్డంగా పడుకుని ఉన్నాయి, ఎడమవైపు దవడ కింద అయితే సుడి తిరిగి ఉన్నాయి. అంటే ఇన్నేళ్ళూ అతను పైకి గీసినా కిందికి గీసినా వెంట్రుకకి అడ్డంగానో ఎదురుగానో గీస్తున్నాడన్నమాట. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. అసలు మనలో ఎవరికి మాత్రం చెప్పారు, నాన్న గీసుకుంటుంటే పక్కన నిలబడి చూసి నేర్చుకున్నదే కదా.

ఆ రోజు అతనికి రేజర్ అమ్మలేదు. వేరే బ్లేళ్ళు రెండు రకాలూ, ఒక సబ్బూ ఇచ్చి, వెంట్రుక ఎటు పడుకుందో అటే గీయమని, చెయ్యి బరువు వేయకుండా రేజర్ బరువుతోనే జారనివ్వమని చెప్పాను. మూడు వారాల తర్వాత ఫోటో పంపించాడు, కుడివైపు దాదాపు మానిపోయింది, సుడి ఉన్న ఎడమవైపు ఇంకా కొన్ని పొక్కులున్నాయి. దానికి మాత్రం రేజర్ మార్చాం.

అప్పట్నుంచి నేను చెప్పే వరస తిరగబడింది. ముందు వెంట్రుక దిశా, చేతి బరువూ. తర్వాత నీళ్ళూ నురగా. ఆ తర్వాత బ్లేడు. రేజర్ అన్నిటికన్నా ఆఖర్న. రేజర్లు అమ్ముకుని బతికేవాణ్ణి ఈ మాట చెప్తుంటే మా ఇంట్లోవాళ్ళకి కొంచెం టెన్షన్‌గానే ఉంది, అయినా నేను చూసింది ఇదే.

సేఫ్టీ రేజర్ వల్ల ఉపయోగం లేదని కాదు. కింగ్ క్యాంప్ జిలెట్ 1904లో పేటెంట్ పొందిన పద్ధతి ఇప్పటికీ ఇంచుమించు అదే, పల్చటి బ్లేడుకి పైనొక మూత, కిందొక ప్లేటు, బిగించడానికి పిడి. అందులో వెంట్రుకని కోసేది ఒకే ఒక్క బ్లేడు అంచు. మూడు, అయిదు బ్లేళ్ళుండి తల మొత్తం తీసి మార్చే కార్ట్‌రిడ్జ్‌లో మొదటి బ్లేడు వెంట్రుకని కాస్త పైకి లాగితే వెనకున్నవి దాన్ని కోస్తాయి, కోసిన మొన చర్మం లోపలికి వెళ్ళిపోతుంది. రింగులు తిరిగే వెంట్రుకైతే మళ్ళీ మొలిచేటప్పుడు బయటికి రాకుండా లోపలే గుచ్చుకుని పొక్కు కడుతుంది. డాక్టర్లు దీన్ని స్యూడోఫాలిక్యులైటిస్ బార్బే అంటారు. ఒకే అంచు చర్మం మట్టానికి కోస్తే ఆ బాధ చాలామందికి తగ్గుతుంది. అయితే, నున్నగా అద్దంలా రావాలని అదే చోట మళ్ళీ మళ్ళీ ఎదురు గీస్తే సేఫ్టీ రేజర్‌తోనూ అదే పొక్కు వస్తుంది.

ఇక రేజర్ మార్చాల్సిందే అన్నవాళ్ళకి. బ్లేడుకీ కింద ప్లేటుకీ మధ్య ఉండే సందునీ, మూత అంచు దాటి బ్లేడు ఎంత బయటికి తేలి ఉందనేదాన్నీ కలిపి చూడాలి, ఒక్క సందు కొలత చూసి మైల్డ్, అంటే చర్మం మీద మెత్తగా పోయేది, అనుకోవద్దు. మా షాపులో ఇప్పుడు సున్నితమైన చర్మానికి నేను చూపించేవి మెర్కుర్ 34సీ (ఇది జర్మనీలోని జోలింగెన్‌లో తయారవుతుంది), మ్యూలె ఆర్89, ఇంగ్లండ్‌వాళ్ళ ఎడ్విన్ జాగర్ డీఈ89. ఈ చివరి రెండింటికీ తల, అంటే బ్లేడు కూర్చునే భాగం, డిజైన్ ఒకటే, కాబట్టి ఏది ఎక్కువ మైల్డ్ అని తలబద్దలు కొట్టుకోకండి, పిడి చేతికి ఏది బాగుంటే అది తీసుకోండి. తడిచేతికి జారే పిడి మాత్రం వద్దు. గడ్డం ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా ఉన్నవాళ్ళకి ప్లేట్లు మార్చుకునే రాక్‌వెల్ నప్పుతుంది, ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లుంటాయి. ఒకటో నంబరుతో మొదలుపెట్టి, సరిగ్గా తెగకపోతేనే రెండుకి వెళ్ళండి.

బ్లేడు దగ్గర చాలామంది పొరపాటు పడుతున్నారు, చర్మం సున్నితం కాబట్టి పదును తక్కువుండే బ్లేడు ఇమ్మంటున్నారు. పదును లేని బ్లేడు వెంట్రుకని లాగుతుంది, లాగుతోందని మనం నొక్కుతాం, నొక్కితే చర్మం లేస్తుంది. అలాగని జపాన్ ఫెదర్ లాంటి చాలా పదునైనదాన్ని చెయ్యి తిరగనివాళ్ళకి మొదటిరోజే ఇవ్వను. ఏ కంపెనీ డబుల్ ఎడ్జ్ (రెండువైపులా పదునుండే) బ్లేడైనా ఈ రేజర్లన్నిటిలోనూ పడుతుంది, అందుకని అయిదు రకాలు, రకానికి రెండు చొప్పున చిన్న ప్యాకెట్ కట్టి పెట్టాను. ఒక రకం అయిపోయాకే రెండోది తెరవండి, ఈలోగా సబ్బూ రేజరూ మార్చొద్దు, మారిస్తే మంట దేనివల్ల తగ్గిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. నాలుగైదుసార్లు గీశాక లాగుతున్నట్టనిపిస్తే బ్లేడు తీసేయండి, మిగతా ఖర్చుల ముందు అదెంత.

బోరు నీళ్ళు వాడేవాళ్ళు ఇంకో సంగతి గమనించండి. ఉప్పునీళ్ళలో సబ్బు నురగ కట్టదు, కట్టినా నిమిషంలో ఎండిపోతుంది. గడ్డానికి ఒక్క చెంబుడు కుళాయి నీళ్ళో, ఫిల్టర్ నీళ్ళో పక్కన పెట్టుకోండి. ఎంవీపీ కాలనీ నుంచి వచ్చే ఒక మాస్టారు ఇదొక్కటే మార్చుకుని "బాబూ, మంట సగానికి సగం తగ్గిందయ్యా" అని చెప్పడానికే పనిగట్టుకుని వచ్చారు.

వానలకి ముందు తెప్పించిన చవక రేజర్ల గురించి కూడా చెప్పాలి. వాటికి రెండు నెలలకే తల మీద క్రోమ్ పూత బుడగల్లా లేచింది. మనది సముద్రపు గాలి, గేటు గొళ్ళేలే తుప్పు పట్టిపోతాయి, అయినా రెండు నెలలకే లేచిందంటే పూత పల్చగా వేశారనే అర్థం. పూత లేచిన చోట బ్లేడు సరిగ్గా కూర్చోదు, ఒకవైపు ఎక్కువ తేలి గీసుకుపోతుంది. పైగా క్రోమ్ కింద మామూలుగా నికెల్ పొర ఉంటుంది, వాచీ వెనక మూతో బెల్టు బకిలో తగిలితే దురద పెట్టేవాళ్ళకి ఆ నికెల్ పడదు. ఆ లాట్‌లో కొన్నవాళ్ళు బిల్లు లేకపోయినా తీసుకురండి, డబ్బులు పూర్తిగా ఇచ్చేస్తాను. మిగిలిన సరుకు అమ్మకం ఆపేశాను. నికెల్ పడనివాళ్ళు పూతలేని స్టీలు రేజర్ గురించి అడగండి, ధర ఎక్కువే, కానీ పూత లేచే బాధ ఉండదు. ఏ రేజరైనా సరే, వాడాక మర విప్పి కడిగి, బాత్‌రూమ్ కిటికీలో కాకుండా పొడిగా ఉన్న చోట పెట్టండి. బ్లేడు అంచుని తువ్వాలుతో తుడవొద్దు, దులిపి ఆరనివ్వండి చాలు.

నా మాట మీద ఆర్41 కొన్నవాళ్ళు దాన్ని తీసుకొస్తే పైసా తీసుకోకుండా ఆర్89 తల ఇస్తాను, అదే పిడికి పడుతుంది. వెనక్కొచ్చిన తలల్ని ఎవరికీ అమ్మను. ఇకమీదట మెడ మీద పొక్కులున్న మనిషికి గడ్డం పెరిగిన తీరు చూడకుండా రేజర్ ఇవ్వను, ఫోన్ ఆర్డర్లకైతే రెండ్రోజుల గడ్డంతో మెడ ఫోటో అడుగుతాను, విసుక్కోకండి.

ఇద్దరు ముగ్గురి విషయంలో అసలు గొడవ రేజర్‌ది కానే కాదు. ఒకాయన మెడ మీద గుండ్రటి మచ్చలు, అంచులు ఎర్రగా లేచి ఉన్నాయి, నాకు తామరలా అనిపించింది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ కలిసిన క్రీము నెలల తరబడి రాస్తున్నారు. నేను డాక్టర్ని కాదు, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో స్కిన్ ఓపీకి వెళ్ళమని పంపించాను. చీము పట్టినా, మచ్చలు పాకుతున్నా, రక్తం కారుతున్నా మీరూ అంతే చేయండి, అది మానేదాకా గడ్డం జోలికి పోవద్దు. తర్వాత పటిక అడుగుతున్నారు చాలామంది. తడిపి ఒకసారి రుద్ది కాసేపాగి కడిగేస్తే మంచిదే, గీసిన చోట రక్తం ఆగుతుంది. పటిక చురుక్కుమన్న చోటల్లా మీ చెయ్యి బరువు పడిందని గుర్తు పెట్టుకోండి, రేపు అక్కడ తేలిగ్గా పోనివ్వండి.

వాడేసిన బ్లేళ్ళు చెత్తబుట్టలో వేయకండి. పొద్దున్నే మన వీధిలో చెత్త తీసే జీవీఎంసీ (నగరపాలక సంస్థ) అక్కలు చేత్తోనే వేరు చేస్తున్నారు, మా వీధిలో ఒకామె వేలు కోసుకుంటే మేమే కట్టు కట్టాం. కౌంటర్ మీద మూతకి చీలిక పెట్టిన పెద్ద డబ్బా ఒకటి పెట్టాను, ఎక్కడ కొన్న బ్లేడైనా అందులో వేసి వెళ్ళండి. ఆదివారాలు సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా వాష్‌బేసిన్ దగ్గర నేనే ఉంటాను, ఏమీ కొనక్కర్లేదు, రెండ్రోజుల గడ్డంతో మీ రేజర్ మీరు తెచ్చుకోండి.