అట్ల మంగళవారం విందు, శ్రమకాల ఏర్పాట్లు: జమా ఖర్చుల వివరణ

ప్రభువునందు ప్రియమైన సంఘస్తులందరికీ పాస్టరేట్ కమిటీ వందనములు. గత మార్చి 4వ తేదీ మంగళవారం సాయంత్రం చర్చి ఆవరణలో జరిగిన పిల్లల కార్నివాల్‌కు, అట్ల విందుకు, మరునాడు బూడిద బుధవారంతో మొదలైన, ఈస్టరుకు ముందటి ఉపవాస దినాలైన శ్రమకాలపు ఏర్పాట్లకు వసూలైన సొమ్ము, ఖర్చయిన సొమ్ము వివరాలను ఇందుమూలంగా సమర్పిస్తున్నాము. ఈ లెక్కను మార్చి 16 ఆదివారం ఆరాధన ముగిశాక చదవవలసి ఉండగా, పొట్టేళ్ల కొనుగోలు కాగితం మా చేతికి ఆలస్యంగా అందినందువల్ల, ఆ తరువాత మట్టల ఆదివారం, గుడ్‌ఫ్రైడే, ఈస్టరు పనులు ఒకదాని వెనుక ఒకటి వచ్చినందువల్ల, 2025 ఏప్రిల్ 27 దాకా ఆగవలసి వచ్చింది. ఈలోగా, కోడి మాంసమని తీర్మానించి పొట్టేళ్లు ఎందుకు కొన్నారని, వాటి తలకాయ కూర కమిటీ వారే తిన్నారని గిద్దలూరు బజారు దాకా పాకిన మాటలు మా చెవిన కూడా పడ్డాయి. వాటికి కూడా ఇందులోనే జవాబు రాస్తున్నాము.

ముందుగా జమ. పండుగల ఖాతాలో పాత నిల్వ 6,350 రూపాయలు. ఇంటికి 500 చొప్పున ఇస్తామని పేర్లు రాయించిన 142 కుటుంబాలలో 118 కుటుంబాలు చెల్లించిన చందా 59,000. హైదరాబాదు, బెంగుళూరులలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు ఫోన్‌పే ద్వారా పంపినది 21,500. మార్చి 2 ఆదివారపు ప్రత్యేక కానుక 8,740. స్త్రీల సమాజం వారు నిమ్మకాయ పచ్చడి, కారప్పొడి అమ్మి తెచ్చి ఇచ్చినది 4,800. మరో 400 రూపాయల జమ ఉంది, దాని కథ కింద వస్తుంది. వెరసి 1,00,790 రూపాయలు. ఇవిగాక ముగ్గురు రైతులు ఉచితంగా ఇచ్చిన నలభై లీటర్ల పాలకు మేము వెల కట్టలేదు. ఇచ్చిన ప్రతి ఒక్కరికీ, ముఖ్యంగా పింఛను డబ్బులో నుంచి తీసి ఇచ్చిన వృద్ధ తల్లులకు, కమిటీ కృతజ్ఞతలు.

ఖర్చులలో వివాదం లేని వాటిని ముందే చెప్పి ముగిస్తాము. షామియానా, కుర్చీలు, లైట్లకు 13,500. మైకు సెట్టుకు 5,000. పిల్లల వేషాలు, రంగు కాగితాలు, బహుమతులకు 4,850. నలభై దినాల వాక్య పఠనాలతో అచ్చు వేయించిన ప్రార్థన పుస్తకాలు 300 ప్రతులకు 22 చొప్పున 6,600. ప్రభువు బల్లకు, ప్రసంగ పీఠానికి శ్రమకాలపు ఊదారంగు గుడ్డ, కుట్టుకూలి కలిపి 3,900. గ్యాసు, కట్టెలకు 3,150. విస్తళ్లు, గ్లాసులు, నీళ్ల డబ్బాలకు 3,700. వంట మాస్టరుకు, వడ్డించిన వారికి 8,000. అన్నం బియ్యం, కూరగాయలు, పెరుగు, నూనె, మసాలాలకు 12,480. బూడిద బుధవారం నుదుట పెట్టే బూడిదకు ఖర్చు లేదు. నిరుడు మార్చి 24న మట్టల ఆదివారం నాడు పట్టుకున్న ఈత మట్టలను మీ మీ ఇళ్లలో దాచి తెచ్చి ఇచ్చారు. వాటిని ఇనుప బాణలిలో కాల్చి, పలుచని గుడ్డతో వస్త్రగాళం పట్టిన పని సండేస్కూలు టీచర్లది. కాల్చినది గంపెడు, మిగిలినది టీ గ్లాసులో సగం.

అట్లకు, అనగా పిండికి, బెల్లానికి, నేతికి, 300 కోడిగుడ్లకు కలిపి 14,260 రూపాయలు అయింది. ఇక్కడ కొంత వివరణ అవసరం. ఒంగోలు, నెల్లూరు వైపు బాప్టిస్టు సంఘాల నుంచి మన ఇళ్లకు కోడళ్లుగా వచ్చిన వారు కొందరు, శ్రమదినాల ముందు ఈ తిరునాళ్ల ఏమిటని, గోవా కార్నివాల్‌ను చర్చిలోకి తెచ్చారా అని అడిగారు. ఇంకొకరు ఇది అట్లతద్దా అని కూడా అన్నారు. వారి సంఘాలలో ఈ క్రమం లేదు గనుక అడగడంలో తప్పు లేదు. 1701లో లండనులో ఏర్పడిన ఎస్పీజీ అనే సువార్త మిషను ద్వారా మన ప్రాంతానికి అందిన ఆంగ్లికన్, అనగా ఇంగ్లండు సంఘపు, క్రమంలో బూడిద బుధవారం నుంచి ఈస్టరు ముందటి శనివారం దాకా ఆదివారాలు ఆరింటిని తీసివేసి నలభై దినాలు ఉపవాస కాలంగా ఎంచుతారు. పూర్వం ఆ దినాలలో మాంసమే కాదు, గుడ్లు, పాలు, వెన్న కూడా ముట్టేవారు కాదు. ఇంట్లో ఉన్నవి పాడైపోకుండా ముందు రోజే అట్లు పోసుకుని తినేవారు. ఇంగ్లండులో నేటికీ ఆ రోజును పాన్‌కేక్ దినమని అంటారు. కార్నివాల్ అనే మాటకు లాటిన్ మూలంలో మాంసాన్ని తీసివేయడమనే అర్థం. అయినా మనవారు ఆ సాయంత్రం అయిదున్నరకు ముందుగా పాపపు ఒప్పుకోలు ప్రార్థన చేసి, ఆ తరువాతనే వేషాలు వేశారు. పిల్లలు హల్లెలూయ అని రాసిన అట్టను రేకు పెట్టెలో పెట్టి తాళం వేసి, ఏప్రిల్ 20 ఈస్టరు ఉదయం తీశారు. శ్రమకాలమంతా ఆ మాట పాడకూడదని పెద్దవాళ్లకంటే పిల్లలకే బాగా గుర్తుంది.

ఇక అందరూ అడుగుతున్న ఖర్చు, మూడు పొట్టేళ్లది. పొట్టేళ్లకు 32,500, ట్రాలీ ఆటోకు 700, కోసి ముక్కలు కొట్టినందుకు 1,800, వెరసి 35,000 రూపాయలు. ఫిబ్రవరి 9న కమిటీ చేసిన తీర్మానంలో మాత్రం అరవై కిలోల కోడి మాంసం, అంచనా 10,800 అని ఉన్న మాట వాస్తవము. తీర్మానం రాసిన వారం లోపలే గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. బాగా ఉడికించిన కోడి మాంసం, గుడ్లు తినవచ్చునని ప్రభుత్వం చెప్పింది, ధర కూడా పడిపోయింది. కానీ ఫిబ్రవరి 23న ఆరాధన ముగిశాక వరండాలో నిలబడి అడిగితే, కోడి కూర పెడితే పిల్లలను తీసుకురామని చెప్పిన వారే ఎక్కువ. ఆ రోజు చెప్పిన వారిలో కొందరు నేడు కోడి చవకగా దొరుకుతుండగా పొట్టేలు ఎందుకని అడుగుతున్నారు. మాంసానికి భయపడి గుడ్లు ఎలా వాడారని అడిగిన ప్రశ్నకు మా దగ్గర గట్టి జవాబు లేదు. గుడ్లు వద్దని ఎవరూ అనలేదు, అట్లకు అవి కావాలి, కొన్నాము.

మార్పును కొత్త తీర్మానంగా పుస్తకంలో రాయకపోవడం కమిటీ తప్పే. వరండా మాటను తీర్మానమని అనలేము. ఒప్పుకుంటున్నాము.

మాంసం అంగడిలో ఎందుకు కొనలేదన్నది మరో ప్రశ్న. మార్చి 2న రంజాను ఉపవాసాలు మొదలయ్యాయి. అంగళ్లలో కిలో 850 పలికింది, అదీ ఒక్కరోజులో నలభై కిలోలు ఇస్తామని ఎవరూ మాట ఇవ్వలేదు. అందుచేత కోశాధికారి గారు, మరి ఇద్దరు సభ్యులు ఆదివారం మధ్యాహ్నం నల్లమల అంచున ఉన్న పల్లెలో ఒక గొర్రెల కాపరి దగ్గర 10,800, 11,200, 10,500 చొప్పున మూడు నెల్లూరు జాతి పొట్టేళ్లను బేరం చేశారు. తూకం వేయలేదు. నడుము దగ్గర వెన్నెముక మీద చేయి ఒత్తి చూసి, ఎముక తగలకపోతే కండ ఉన్నట్టు అని కాపరి చెప్పిన లెక్క మీదనే కొన్నారు. రసీదు పుస్తకం ఆయన దగ్గర ఉండే వస్తువు కాదు. తెల్ల కాగితం మీద మొత్తం రాసి ఆయన వేలిముద్ర తీసుకోవలసింది ఆ రోజు మరిచారు. తరువాత వెళితే ఆయన మంద తోలుకుని పైకి పోయి ఉన్నాడు. మార్చి 29న మళ్లీ వెళ్లి వేలిముద్ర తెచ్చారు. లెక్క ఆలస్యానికి కారణం ఇదే తప్ప, కాగితం పుట్టించడానికి పట్టిన సమయం కాదు. సోమవారమంతా పొట్టేళ్లు చర్చి వెనక వేపచెట్టుకు కట్టి ఉన్నాయి. మీ పిల్లలే వాటికి మేత వేశారు. వాటిలో ఒకటి ఊదా తోరణం మూరెడు నమిలేసిన సంగతి కూడా వారే చెబుతారు.

కోసిన వ్యక్తి రోజాలో, అనగా రంజాను ఉపవాసంలో, ఉండి కూడా మంగళవారం తెల్లవారుజామున వచ్చి పని ముగించి వెళ్లినందుకు ఆయనకు ప్రత్యేక ధన్యవాదములు. నికరంగా వచ్చిన మాంసం 43 కిలోలు. అంగడి ధరకు 36,550 అయ్యేది, మనకు అయినది 35,000. అంటే మిగిలింది 1,550 మాత్రమే, దీన్ని పెద్ద ఆదాయంగా మేము చెప్పుకోవడం లేదు. 350 మందికని వండితే 410 మంది తిన్నారు. రాత్రి పది గంటలకు గిన్నె అడుగున కూర లేదు, మరునాడు ఎవరి ఇంటికీ వెళ్లలేదు.

తలకాయల విషయం. మూడింటిలో ఒకటి కాళ్లతో సహా వంట మాస్టరుకు మామూలు ప్రకారం పోయింది. ఒకటి, తోళ్లతో పాటు, కోసిన వ్యక్తికి మాట ప్రకారం పోయింది. మూడవది కార్యదర్శి గారి ఇంటికి వెళ్లిన మాట నిజము. మరునాటి నుంచి ఉపవాసమని ఇద్దరు ముగ్గురు వద్దన్నాక, ఉదయాన్నే పారేయలేక తీసుకువెళ్లారు. అయినా సంఘపు వస్తువు గనుక ఏప్రిల్ 6న ఆయన 400 రూపాయలు చెల్లించారు. పైన చెప్పిన జమ అదే. కమిటీ వారంతా తలకాయ కూర తిన్నారన్న మాట అబద్ధము.

మొత్తం ఖర్చు 1,10,440 రూపాయలు. లోటు 9,650. కోడితోనే సరిపెట్టుకొని ఉంటే 14,550 మిగిలేదని లెక్కగట్టి చెప్పిన సోదరుని లెక్క సరిగ్గానే ఉంది, ఆ మాటను దాచడం లేదు. లోటులో 5,500 షామియానా వారికి ఇంకా ఇవ్వవలసి ఉన్నది, 4,150 కోశాధికారి గారు చేతి నుంచి పెట్టుకున్నారు. పేర్లు రాయించి ఇంకా చెల్లించని 24 కుటుంబాల నుంచి రావలసినది 12,000. వారిలో విందుకు కుటుంబ సమేతంగా వచ్చిన వారు, పొట్టేళ్ల లెక్క అందరికంటే ముందు అడిగిన వారు కూడా ఉన్నారు. పేర్లు చదవవద్దని పాస్టరు అయ్యగారు కోరినందున చదవడం లేదు. ఆ బాకీలు వసూలైతే అప్పులు పోగా 2,350 రూపాయలు పండుగల ఖాతాలో నిల్వ ఉంటుంది.

బిల్లులు, వేలిముద్ర కాగితం, ఫోన్‌పే జాబితా చర్చి పక్కన అయ్యగారు సిద్ధపడే వెస్ట్రీ గదిలో మే 4, మే 11 ఆదివారాలు ఆరాధన తర్వాత మధ్యాహ్నం ఒంటిగంట వరకు ఉంటాయి. ఎవరైనా చూడవచ్చును. షామియానా వారు ఇప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్లారు కనుక, బాకీ ఉన్నవారు మే 4 లోపల కోశాధికారి గారికి చెల్లించి రసీదు పొందవలెనని కోరుచున్నాము.

ఇట్లు,
పాస్టరేట్ కమిటీ