కోపం రానివాళ్లకూ బీపీ ఉంటుంది

ఎడిటర్ గారికి నమస్కారం.

మా నల్లగొండ వైపు బీపీ అనే మాట వినబడని రోజు ఉండదు. బస్సులో సీటు కాడ లొల్లి అయితే 'నాకు బీపీ లేపకు' అంటారు, పిల్లగాడు చదవకుంటే 'వీనితోని బీపీ వస్తుంది' అంటారు, ఆఫీసులో పెద్దసారు అరిస్తే 'సారుకు బీపీ లేసింది' అని పక్కకు తప్పుకుంటారు. ఎక్కడ అన్నా అర్థం కోపమే. ఊరికే మాటైతే పట్టించుకునేవాణ్ని కాదు గానీ, కోపం రానివాళ్లకు బీపీ ఉండదనే నమ్మకం దీనితోనే ఊళ్లల్లో పాతుకుపోయింది.

మా చిన్నాయన ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి బీపీ చూపించుకోమంటే 'నాకు కోపమే రాదు బిడ్డా, నాకెక్కడి బీపీ' అని పంపించేవాడు. ఒకనాడు పొద్దున ముఖం కడుక్కుంటుంటే చేతిలోని చెంబు జారిపడింది, మూతి ఒక పక్కకు పోయింది. దవాఖానలో చూస్తే బీపీ రెండు అంకెల్లో పైది 200 దాటింది. ఇప్పుడు ఎడమచేత్తో తింటున్నాడు.

కోపం వచ్చినా, మెట్లెక్కినా బీపీ కాసేపు పెరిగి దిగుతుంది, అది అందరికీ ఉండేదే. నిమ్మళంగా కూర్చున్నా, వేరే వేరే రోజుల్లో చూసినా పైది 140 గానీ కిందిది 90 గానీ, లేదా అంతకు మించి ఉంటే అది జబ్బు. చాలామందికి తలనొప్పి కూడా రాదు, ఏళ్లకేళ్లు లోపల్లోపల మెదడు, గుండె, కిడ్నీలు దెబ్బతింటుంటాయి. డాక్టర్లు రాసే హైపర్‌టెన్షన్ అనే మాటతో ఇంకో చిక్కు. టెన్షన్ అంటే మనకు మనసులో రంది కాబట్టి, బిడ్డ పెళ్లి అయిపోయింది, ఇక టెన్షన్ లేదు అని గోలీలు ఆపేసినవాళ్లున్నారు. అక్కడ టెన్షన్ అంటే రక్తనాళాల గోడల మీద పడే బిగువు, పెళ్లి అయినా అది పోదు.

చూసే పద్ధతి కూడా సరిగ్గా లేదు. మా దగ్గర ఒక క్లినిక్‌లో ఆయాసపడుతూ వచ్చిన మనిషికి అప్పుడే, చొక్కా మీదనే పట్టీ చుట్టి, మాట్లాడిస్తూనే చూస్తారు. 5 నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి, మాట్లాడనీయకుండా చూడాలి, అంతకు అరగంట ముందు చాయ్, బీడీ ఉండొద్దు.

2017లో దేశంలో మొదలైన బీపీ నియంత్రణ కార్యక్రమానికి ముందుగా ఎంచుకున్న 5 రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. 30 ఏళ్లు దాటినవాళ్లకు సర్కారు దవాఖానలో పరీక్ష, గోలీలు ఉచితమే. వెళ్లేవాళ్లు కావాలి.

మీరు ఆరోగ్యం పేజీలో రక్తపోటు అని రాస్తారు, మా ఊళ్లో ఆ మాట ఎవరూ అనరు, అది తమ గురించి కాదనుకుని పేజీ తిప్పేస్తారు. దయచేసి పెద్ద అక్షరాల్లో బీపీ అనే వేయండి, ఎట్లా కూర్చుని చూపించుకోవాలో ఒక బొమ్మ కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, నకిరేకల్, నల్లగొండ జిల్లా