బేరా టెస్ట్ (వినికిడి పరీక్ష) మూడుసార్లు వాయిదా వేసి, "ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్ పెట్టినందుకు

గుంటూరు,
28-12-2024

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

అయ్యా, లేదా అమ్మా,

మీ పేరేమిటో చెప్పమని మీ వాళ్ళను నలుగురిని అడిగాను. పర్మిషన్ లేదన్నారు. అందుకే పేరు లేకుండా రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. ఉత్తరాన్ని హోల్డులో పెట్టి పాట వినిపించడం కుదరదు గదా.

నేను రిటైరైన తెలుగు మాస్టారిని. 2016 నుంచి నా కుడి చెవిలో ఉన్నది మీ మిషనే. దానికి వేసే నారింజ రంగు స్టిక్కర్ బ్యాటరీలు కూడా ఇన్నేళ్ళూ మీ దగ్గరే కొన్నాను. బయట తక్కువకు దొరుకుతాయని మా అబ్బాయి ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. (వినపడక కాదు, మీ మీద నమ్మకంతో.)

సంగతి మా మనవడిది. 14 నెలలవాడు. డిసెంబరు 1 రాత్రి పన్నెండున్నరకు మా చర్చి కుర్రాళ్ళు క్యారల్స్ పాడుతూ వచ్చారు. వరండాలో డ్రమ్ములు వాయిస్తుంటే వీధి కుక్కలు కూడా లేచాయి. వీడు మాత్రం ఉయ్యాల్లో కదల్లేదు. "ఎంత బుద్ధిగా నిద్రపోతున్నాడో" అని కుర్రాళ్ళు మురిసిపోయారు. మా కోడలు నా చెవి వైపు చూసింది.

పిల్లల డాక్టరు గారు స్క్రీనింగ్ చేయిస్తే రెండు చెవులకీ "రిఫర్" అని, అంటే ఇంకా పరీక్ష చేయించాలని, వచ్చింది. ఇక బేరా తప్పదన్నారు, అంటే శబ్దానికి చెవి నరం, మెదడు స్పందిస్తున్నాయో లేదో చూసే పరీక్ష. ప్రభుత్వ పెద్దాసుపత్రిలో చూపిద్దామని కోడలు అంది. నేనే వద్దని, తెలిసినవాళ్ళు గదా అని మీ బ్రాంచిలో 2,500 అడ్వాన్సు కట్టించాను.

నుదుటి మీద, చెవుల వెనక వైర్లు అంటించినా పిల్లవాడు కదలకూడదు, నిద్రలో ఉండాలి. అందుకని ముందు రాత్రి వీలైనంతసేపు మేలుకోపెట్టి, నిద్ర కళ్ళతో తీసుకురమ్మన్నారు. ఏడ్చే పసివాణ్ణి తెల్లవారుజాము దాకా మేలుకోపెట్టడం ఎలా ఉంటుందో మీ బ్రాంచిలో ఎవరైనా ఒక్కసారి చేసి చూడాలి. మేం మూడుసార్లు చేశాం.

డిసెంబరు 9న తొమ్మిదికల్లా వచ్చాం. వాడు పదింటికి కోడలి భుజం మీద నిద్రపోయాడు. పిలవలేదు. పదకొండుంబావుకు లేచాడు. పన్నెండున్నరకు మీ వాళ్ళు బయటికొచ్చి, పరీక్ష చేసే మిషను కాలిబ్రేషన్‌కు (సరిచూడటానికి) వెళ్ళిందన్నారు. పొద్దున్నే ఆ మాట అని ఉంటే ఆ నిద్ర ఇంట్లోనే పోయేవాడు. 16న వినికిడి పరీక్ష చేసే ఆడియాలజిస్టు గారు విజయవాడ వెళ్ళారు. 23న అసలు తాళమే! "పండగ సెలవులంట సార్, మీకు చెప్పలేదా" అన్నాడు సెక్యూరిటీ గార్డు. పాపం, తన కుర్చీ మా కోడలికి వేశాడు. మీ సంస్థ మొత్తంలో మాతో మనిషిలా మాట్లాడింది అతనొక్కడే. మేం ఆటోలో ఇంటికి పోతుండగా, 11:40కి, మీ మెసేజ్ వచ్చింది: క్రిస్మస్ సందర్భంగా, మా సౌకర్యార్థం, వాయిదా వేశారట.

మేమే క్రైస్తవులం. మీ వాళ్ళు సెలవు తీసుకోవద్దని నేననను. అడ్వాన్సు తీసుకుని డేటు ఇచ్చినప్పుడు డిసెంబర్లో క్రిస్మస్ వస్తుందని మీ కంప్యూటరుకు తెలియలేదా?

ఇక ఫోన్లు. మొత్తం 11. డైరీలో రాసిపెట్టాను. మొదటి అమ్మాయి "మీ ఇబ్బంది అర్థమైంది సార్" అని నాలుగుసార్లు అని, చివర్లో "బేరా అంటే ఏంటి సార్" అని అడిగింది. రెండో అబ్బాయి, బుకింగ్ మనవడి పేరు మీద ఉంది కాబట్టి పేషెంటుతోనే మాట్లాడాలన్నాడు. బాబూ, పేషెంటుకు 14 నెలలు, వాడికి వినపడుతుందో లేదో తెలుసుకుందామనే మీకు డబ్బు కట్టాం అన్నాను. "అయితే పేషెంటు వచ్చాక కాల్ చేయండి సార్" అని పెట్టేశాడు. మూడో ఆయన హిందీ తప్ప మాట్లాడలేదు. నాలుగో అమ్మాయి నన్ను అరవొద్దంది. అమ్మా, చెముడు ఉన్నవాడు గట్టిగానే మాట్లాడతాడు. చెవి మిషన్లు అమ్మే కంపెనీలో ఆ సంగతి నేను నేర్పాలా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. ఇక్కడ ఊదుతున్నవాడే చెవిటివాడు.

24న మాత్రం క్రిస్మస్ ఆఫర్ అని, చెవి మిషన్ల మీద తగ్గింపు అని మీ మెసేజ్ టంచనుగా వచ్చింది. 26న ఇంకొకటి: "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. దయచేసి రేటింగ్ ఇవ్వండి." కర్త లేని వాక్యం. పరిష్కరించింది ఎవరు, ఎప్పుడు, ఏమిటి? నా క్లాసులో ఎనిమిదో తరగతి పిల్లాడు రాసినా సున్నా వేసేవాణ్ణి.

మీ వెయిటింగ్ హాల్లో ఒక పోస్టరు ఉంది. నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలుపెట్టాలని. దాని కిందే మూడు సోమవారాలు కూర్చున్నాను, రెండు లోపల, ఒకటి గేటు దగ్గర. మావాడి విషయంలో ముందు ఆలస్యం మాదే, ఒప్పుకుంటాను. ఆ మీద పోయిన వారాలు మీవి.

ఈ పండక్కి ఇంటి మీద నక్షత్రం కట్టాం, అరిసెలు వండాం. కోడలు మాత్రం ఉండుండి వాడి వెనక చేరి గిన్నె మీద గరిటెతో కొడుతోంది. ఒక్కోసారి తిరుగుతాడు. విని తిరిగాడో, నీడ చూసి తిరిగాడో తెలియదు. క్రిస్మస్ ఆరాధనలో కూడా అదే పని, చప్పట్లు కొట్టి చూడటం.

రిఫండ్ ఇస్తామంటున్నారు. ఎవరడిగారు? జనవరి మొదటి వారంలో డేటు కావాలి. ఆ రోజు మిషనూ, ఆడియాలజిస్టు గారూ ఇద్దరూ ఊళ్ళో ఉంటారని కాగితం మీద రాసివ్వాలి. న్యూ ఇయర్ అనీ, తర్వాత సంక్రాంతి అనీ అంటే ఊరుకోను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఇప్పటికే ఫోన్ చేశాను, అక్కడ మాత్రం నా మాట పూర్తిగా విన్నారు. జిల్లా వినియోగదారుల కమిషన్లో ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. రిటైరైనవాడికి టైముకేం కొదవ? మా చర్చిలో మీ మిషన్లు పెట్టుకున్న పెద్దవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళలో సగం మంది నా మాట మీదే కొన్నారు. వాళ్ళకూ చెబుతాను.

ఫోన్ చేస్తే మా కోడలి నంబరుకు చేయండి. నాకు ఫోన్లో మాటలు సరిగ్గా వినపడవు. మిషను మీదే.

ఇట్లు,
మీ పాత కస్టమరు