బొమ్మకు ముందు గోడను చూడండి

అయ్యా,

తిరుపతిలో ప్రహరీగోడల మీద వేయిస్తున్న బొమ్మలు చూడముచ్చటగా ఉంటున్నాయి. కానీ ఒక్క వానాకాలం దాటేసరికి చాలాచోట్ల అడుగుభాగం పెచ్చులూడుతోంది. లోపం చేతిపనిలో లేదు, గోడ తయారీలో ఉంది.

కొత్త సిమెంటు పూతను కనీసం 28 రోజులు ఆరనివ్వాలి. తొందరపడితే లోపలి తేమతోపాటు ఉప్పు పైకొచ్చి, రంగు కింద తెల్లగా పొంగుతుంది. ఆ ఉప్పును నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే ఇంకుతుంది; పొడి బ్రష్‌తోనే రాల్చాలి. గోడ ఆరిందో లేదో తెలుసుకోవడం తేలిక. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగువైపులా టేపుతో అంటించి రాత్రంతా వదిలేయండి. పొద్దునకు లోపలివైపు నీటిచుక్కలు కనిపిస్తే ఇంకా ఆగాల్సిందే. పాత సున్నం గోడైతే అరచేత్తో రుద్ది చూడాలి. పొడి అంటితే గీకేయక తప్పదు, లేకపోతే ఎంత ఖరీదైన రంగైనా సున్నంతోపాటే ఊడిపోతుంది.

ఆ తర్వాత రంగు పట్టు కోసం బయటి గోడల ప్రైమరు (తొలిపూత), దానిమీద ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ (బయటి గోడల రంగు) రెండు పూతలు వేయాలి. పడమటి ఎండ తగిలే చోట ముదురు గులాబీ, నిమ్మపసుపు త్వరగా వెలిసిపోతాయి. కావిరంగు, గోపీచందనం నిలుస్తాయి. శ్రీకాళహస్తి కలంకారీ శైలికి ఇవే అందం కూడా. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కాబట్టి జనవరి, మార్చి మధ్య పని పెట్టుకోవడం మేలు.

నగరపాలక అధికారులకు మా విన్నపం: టెండర్లలో బొమ్మకు చదరపు అడుగు ధర ఒక్కటే కాకుండా గోడ తయారీ ఖర్చునూ విడిగా చూపించండి.

– కొందరు గోడచిత్రకారులు, తిరుపతి