నా ఫారంలో మీరు నొక్కిన ‘నో’ గురించి

అంబాజీపేట మండలం,
డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా,
ఆగస్టు 2025.

బ్రాంచి మేనేజరు గారికి,
వీసా కన్సల్టెన్సీ, కాకినాడ.

విషయం: నా వీసా ఫారంలో నాకు చెప్పకుండా అబద్ధం రాయడం, జరగని పనికి డబ్బు తీసుకోవడం – ఫిర్యాదు.

అయ్యా,

నేను కొబ్బరి రైతుని. 2024 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి మీ ఆఫీసుకి వచ్చాను. నేను మీకు గుర్తుండకపోవచ్చు. ఆ రోజు మీ రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి అడక్కుండానే మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. ఆ అమ్మాయి మీద నాకే ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదంతా లోపలి గదిలో జరిగిన దాని గురించి.

మా అక్క అమెరికాలో, న్యూజెర్సీలో ఉంటుంది. 2011లో అక్కడి పౌరసత్వం వచ్చింది. మరుసటి ఏడే తమ్ముడినని నా పేరున ఐ-130, అంటే నన్ను అక్కడికి రప్పించుకునే ఇమిగ్రేషన్ పిటిషన్, వేసింది. గ్రీన్‌కార్డు ఉంటే చాలదు, పౌరురాలై ఉండి 21 ఏళ్ళు నిండితేనే తోబుట్టువుకి వేయొచ్చని మాకు చెప్పింది కూడా తనే. ఆ కాగితాల కోసం మేం పడ్డ పాట్లు మీకు తెలియాలి. మేమిద్దరం ఒక తల్లి కడుపున పుట్టామని రుజువు కావాలి. మా పంచాయతీ రిజిస్టర్‌లో నా పుట్టుక ఎక్కలేదు. అక్కది ఎక్కింది గానీ పేరు లేదు, ‘ఆడ శిశువు’ అని ఉంది. నాన్న పేరు ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట ఇంటిపేరు లేకుండా. రికార్డు లేదని తహసీల్దారు ఆఫీసు నుంచి సర్టిఫికెట్ తెచ్చి, మా పెదమామయ్య చేతా మేనత్త చేతా అఫిడవిట్లు రాయించాం. మేనత్త వేలిముద్ర వేసింది. ఒక్క అక్షరం కల్పించలేదు. అక్క 420 డాలర్లు కట్టి పంపింది. దాని రసీదు జిరాక్సే నేను మీ టేబుల్ మీద పెట్టాను.

వంతు ఎప్పటికొస్తుందో మాకు తెలుసండీ. తోబుట్టువుల కోటా ఎఫ్4 కింద ప్రపంచం మొత్తానికి ఏడాదికి 65 వేల వీసాలు, పైగా ఒక్కో దేశానికీ ఒక పరిమితి ఉంటుంది. మన దేశం నుంచి 2006లో వేసినవాళ్ళ దగ్గరే ఇప్పుడు నడుస్తోంది. మాది 2012. అక్కడికెళ్ళి స్థిరపడిపోవాలన్న తొందర మాకెవరికీ లేదు. నేనడిగింది ఒక్కటే. ఒకసారి వెళ్ళి అక్కని చూసి, నెల్లాళ్ళుండి, కొబ్బరికాయ దింపు టైముకి తిరిగొచ్చేలా విజిటర్ వీసా.

మీ కౌన్సెలరు కుర్రాడు అక్క రసీదు చూసి, ‘ఎఫ్4 ఉందా! మన దగ్గర ఎక్స్‌ప్రెస్ ఫాలో-అప్ ఉంది సార్, ఫైలు ముందుకు కదుపుతాం’ అన్నాడు. దానికి 20 వేలు. విజిటర్ వీసా సర్వీసుకి 25 వేలు. ఆస్తి వాల్యుయేషన్‌కి 5 వేలు. ఎంబసీ ఫీజు 185 డాలర్లు వేరే కట్టించారు, అది 15,500 అయింది. మొత్తం 65,500. మాకది ఒక దింపు సొమ్ము, దింపు కూలీ, వలుపు కూలీ ఇంకా తియ్యకుండానే. ఆ క్యూ తేదీల వరసన నడుస్తుందని, ఎవరు డబ్బు కట్టినా ఒక్క రోజు కూడా ముందుకు జరగదని తరవాత అక్క చెబితే తెలిసింది. మీకు మాత్రం ముందే తెలుసు.

వీసా ఇంటర్వ్యూ స్లాటు 2025 మార్చికి దొరికింది. ఈలోగా అక్క కూతురి పెళ్ళి అక్కడే కుదిరింది, మే నెలలో. మా వైపు పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల మీదికి తెచ్చేది మేనమామ. ‘నడుం నొప్పంటే ఒప్పుకోను మావయ్యా, ఇప్పట్నించే బస్తాలు మోసి ప్రాక్టీసు చెయ్యి’ అని ఫోన్‌లో నవ్వింది పిల్ల.

గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి లింగంపల్లిలో దిగి, హైదరాబాదు నానక్‌రాంగూడలోని అమెరికా కాన్సులేట్‌కి వెళ్ళాను. మీరిచ్చిన ఫైలు చంకలో ఉంది, రెండు కేజీలుంటుంది. అందులో మా మూడెకరాల తోట తొమ్మిదెకరాలైంది. రైల్లో తెరిచి చూసి బిత్తరపోయాను. మిగతా ఆరెకరాలూ ఎక్కడున్నాయో చెబితే నేనే వెళ్ళి కాయ దింపించుకుంటాను. అదృష్టం కొద్దీ ఆ ఆఫీసరమ్మ ఫైలు తెరవమనలేదు. ఎందుకెళ్తున్నారు, ఏం చేస్తారు, అక్కడెవరున్నారు అని అడిగింది. చెప్పాను. తరవాత, ‘మీ కోసం ఎవరైనా ఇమిగ్రేషన్ పిటిషన్ వేశారా?’ అంది.

‘వేశారమ్మా, మా అక్క, 2012లో’ అన్నాను.

ఆవిడ నా వైపు కాదు, స్క్రీన్ వైపు చూసింది. ‘మీ ఫారంలో లేదని ఉంది’ అంది. ఫారం కన్సల్టెన్సీ వాళ్ళు నింపారన్నాను. మళ్ళీ స్క్రీన్ చూసింది. ‘ఫారం నింపడానికి ఎవరి సాయమూ తీసుకోలేదని కూడా ఉంది’ అంది. అద్దానికి ఇవతల నిలబడి నాకు నోట మాట రాలేదు. 54 ఏళ్ళ వయసులో దొంగసరుకుతో దొరికిపోయినవాడిలా నిలబడ్డాను. ఆవిడ కాసేపు ఏదో టైపు చేసుకుని, 214(బీ) కింద ఇవ్వలేకపోతున్నామని కాగితం చేతికిచ్చింది. తిరిగి వెళ్తానని నేను నమ్మకం కలిగించలేకపోయానని ఆ సెక్షన్‌కి అర్థం. దాని మీద అప్పీలు లేదు, ఫీజు వెనక్కి రాదు.

పిటిషన్ ఉన్న సంగతి చెబితే వీసా ఖాయంగా వచ్చేదని నేననను. రాకపోవచ్చు. ఉన్నంత మాత్రాన విజిటర్ వీసా ఇవ్వకూడదనే రూలు లేదు గానీ, అనుమానం ఎక్కువవుతుంది. అది నా తలరాత, నేనే పడేవాణ్ణి. కానీ డీఎస్-160 అనే ఆ వీసా ఫారం చివర సంతకమంటే పాస్‌పోర్టు నంబరు కొట్టి బటన్ నొక్కడం. రాసినవన్నీ నిజమని ప్రమాణం చేసి, మనిషి తనంతట తను నొక్కాల్సిన బటన్ అది. నా బదులు మీ కుర్రాడు నొక్కాడు. నాకు ఒక్క పేజీ కూడా చదివి వినిపించలేదు.

ఆ ‘నో’ ఎంత దూరం పోయేదో మీకు తెలుసా? వీసా కోసం ముఖ్యమైన సంగతి దాచి అబద్ధమాడాడని వాళ్ళు తేల్చితే జీవితాంతం నిషేధం. రేపు ఎఫ్4 వంతు వచ్చినా అదే అడ్డు. మాఫీ అడుక్కోవాలన్నా, భార్యో భర్తో తల్లిదండ్రులో అక్కడి పౌరులో గ్రీన్‌కార్డుదారులో అయి ఉండాలి. అక్క లెక్కలోకి రాదు. నా కోసం 13 ఏళ్ళుగా ఫైలు పెట్టుకుని కూర్చున్న మనిషే అక్కడ చుట్టం కాకుండా పోతుంది. నేను అడిగిన వెంటనే నిజం చెప్పబట్టి అంత దూరం రాలేదు. మీ కుర్రాడు ముందే ‘నో అనండి సార్’ అని నేర్పి ఉంటే, ఆ కంగారులో నేనేమనేవాణ్ణో నాకే తెలీదు.

మీరిచ్చిన రసీదు నా దగ్గర భద్రంగా ఉంది. రెండో వరసలో ‘ఎఫ్4 ఎక్స్‌ప్రెస్ ఫాలో-అప్: 20,000’ అని మీ ముద్రతో ఉంది. ఫైలు ఉందని డబ్బు తీసుకున్నదీ మీరే, ఫైలు లేదని ఫారంలో రాసిందీ మీరే.

పెళ్ళి ఫోన్‌లో చూశాను. అక్కడ ఉదయం పదింటి ముహూర్తం, మనకి రాత్రి ఏడున్నర. బావగారి స్నేహితుడెవరో, పాపం మంచివాడే, బుట్ట పట్టుకున్నాడు. పిల్ల చేతిలో బొండాం మెరుస్తోంది. బాగుందే అనుకుని అక్కని అడిగితే, ‘థర్మోకోల్‌రా, ఆన్‌లైన్‌లో తెప్పించాం’ అంది. అంబాజీపేట ఆడపడుచు కూతురి చేతిలో థర్మోకోల్ బొండాం. దాని ఖరీదు మిమ్మల్ని అడగను లెండి.

అడిగేవి ఇవి. సర్వీసు పేరున, ఎక్స్‌ప్రెస్ పేరున, లేని ఆరెకరాల వాల్యుయేషన్ పేరున తీసుకున్న 50 వేలు వెనక్కి ఇవ్వండి. ఎంబసీ ఫీజు అడగడం లేదు, అది మీ జేబులోకి పోలేదు. మీరు పంపిన డీఎస్-160 పూర్తి కాపీ, దాని అప్లికేషన్ నంబరు నాకు ఇవ్వండి. ఈసారి నేనే, మా మేనల్లుడిని పక్కన కూర్చోబెట్టుకుని, సాయం తీసుకున్నానని రాసి మరీ నింపుకుంటాను. పిటిషన్ లేదని, సాయం తీసుకోలేదని ఉన్న ఆ రెండు జవాబులూ నాకు చూపించకుండా మీ ఆఫీసు పెట్టినవేనని మీ లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం చేసి ఇవ్వండి. డబ్బు కన్నా ఆ కాగితమే నాకు ముఖ్యం. మళ్ళీ ఆ కిటికీ ముందు నిలబడినప్పుడు నా చేతిలో అది ఉండాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో ఇవి జరక్కపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 చట్టం ప్రకారం నేనుండే చోటు ఏ కమిషన్ పరిధిలోకి వస్తే అక్కడే వేసుకోవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే దావాకి ఫీజు కూడా లేదట. రసీదు, 214(బీ) కాగితం, తొమ్మిదెకరాల వాల్యుయేషన్, మూడెకరాల పట్టాదారు పాస్‌బుక్, నాలుగింటి జిరాక్సులూ జతచేశాను.

మీ కుర్రాడు రెండుసార్లు ఫోన్ చేసి, ‘మళ్ళీ అప్లై చేద్దాం సార్, ఈసారి డిస్కౌంటు’ అన్నాడు. ఇక ఫోన్ చేయించకండి. ఈ పదిహేను రోజులూ మా తోటలో దింపు. జవాబు రాతలో, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

ఇట్లు,
మీ రసీదు మీద పేరున్న మనిషి
(సంతకం నేనే చేశాను)